కుంగ్ ఫూ పాండా తరువాయి భాగాల్లో ఏది మేలు?

వేసవి సెలవులకు అమలాపురం దగ్గర మా పుట్టింట్లో పిల్లలందరూ చేరతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరినీ కాలువ గట్టుకు పంపలేం కాబట్టి తలా ఒక మామిడి తాండ్ర ముక్క చేతిలో పెట్టి టీవీ ముందు కూర్చోబెడతాం. నాలుగేళ్ల మా చిన్నవాడి నుంచి డెబ్బై దాటిన మా అమ్మ వరకు అందరూ కలిసి చూడగలిగే సినిమా కోసం వెతికితే ప్రతిసారీ 'కుంగ్ ఫూ పాండా' దగ్గరే ఆగుతాం. 2008లో వచ్చిన మొదటిది పిల్లలకు కంఠతా వచ్చేసింది. తర్వాత 2011, 2016, 2024లో వచ్చిన మూడింటినీ ఈసారి వరుసగా మూడు మధ్యాహ్నాలు చూశాం. వాటిలో ఒక్కటి మాత్రమే చూసే తీరిక మీకుంటే రెండో భాగమే చూడండి.

కోనసీమ పిల్లలకు యుద్ధవిద్యలు కొత్త కాదు. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా అనే కర్ర, కత్తి విన్యాసాలు చూస్తూ పెరుగుతారు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి, మరో మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయను కత్తితో రెండు ముక్కలు చేస్తుంటే ఊపిరి బిగబట్టి చూసిన పిల్లలు వాళ్లు. ఊరికే ఎగిరి తన్నుకునే బొమ్మలు వాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టలేవు. ఆ విద్య ఎలా అబ్బుతుందో, దానితో ఏం చేయాలో తెరమీద కనిపించాలి.

రెండో భాగంలో అది మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. గురువు షీఫూ ఒక నీటిబొట్టును చిట్లనీయకుండా చేతుల మీదుగా నడిపించి నేలకు దించుతాడు. మనసు నిలకడగా లేకపోతే అది సాధ్యం కాదు. అటువైపు షెన్ అనే నెమలి రాజకుమారుడు బాణసంచా మందుతో ఫిరంగులు చేయించి, ఇక కుంగ్ ఫూకే పని లేదంటాడు. ఇనుప గుండు ముందు చేతివిద్య నిలుస్తుందా అన్న ప్రశ్న చిన్నపిల్లలకు కూడా సులువుగా అర్థమవుతుంది. చివరికి కథానాయకుడైన పాండా పో ఆ గుండును నీటిబొట్టులాగే అందుకుని తిప్పి పంపినప్పుడు, మా పిల్లలు కేకలు వేయడం మాని నిశ్శబ్దంగా చూశారు.

ఆ నిలకడ పోకు ఎలా దొరికిందన్నదే అసలు కథ. బాతు జాతికి చెందిన నూడుల్స్ అంగడి యజమాని పింగ్ తనను కన్న తండ్రి కాదని ఇందులోనే అతనికి తెలుస్తుంది. తోడేళ్లు తరుముతుంటే తల్లి మంచులో పరుగెత్తి, బిడ్డను ముల్లంగి పెట్టెలో దాచి, శత్రువులను తనవైపు తిప్పుకుని వెళ్లిపోతుంది. ఆ దృశ్యం రాగానే మా అమ్మ "ఇది కర్ణుడి కథే కదే" అంది. నీళ్లలో కొట్టుకొచ్చిన పెట్టెను తెరిచిన అధిరథుడు, బిడ్డను ఒడిలోకి తీసుకున్న రాధ మన ఇళ్లలో అందరికీ తెలిసినవాళ్లే. అందుకే భాష సగమే అర్థమైనా మా అమ్మకు కథ మొత్తం అర్థమైంది.

మా తమ్ముడి కూతురు వాళ్లు దత్తత తీసుకున్న బిడ్డ. ఆ సంగతి పాపకు తెలుసు, మేమెవరం దాచలేదు. ఆ పెట్టెలో దొరికిన పసివాడికి పింగ్ తిండి పెట్టి, స్నానం చేయించి, మళ్లీ తిండి పెట్టానని చెబుతుంటే పాప వాళ్ల నాన్నవైపు తిరిగి, "నాన్నా, నేను వచ్చిన రోజు ఏం తిన్నాను?" అని అడిగింది. "పాలు తాగావమ్మా. తాగి నా భుజం మీదే నిద్రపోయావు" అన్నాడు తమ్ముడు. నేనైతే ఆ మధ్యాహ్నాన్ని ఎప్పటికీ మరిచిపోను. గతం బాధగా మొదలైనా ఆ తర్వాతి జీవితాన్ని మనమే ఎంచుకుంటామన్న మాటను ఇంత మెత్తగా చెప్పిన పిల్లల సినిమాను నేను మరొకటి చూడలేదు.

బొమ్మల పనితనంలోనూ ఇదే ముందుంటుంది. కథ తోలుబొమ్మల నీడలాంటి చిత్రాలతో మొదలవుతుంది. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాట చూసిన కళ్లకు అది ఎంత దగ్గరగా అనిపిస్తుందో! పో జ్ఞాపకాలు మాత్రం చేత్తో గీసినట్టు చదునైన బొమ్మల్లోకి మారిపోతాయి కాబట్టి ఏది ఇప్పటిదో ఏది గతమో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. దర్శకురాలు జెన్నిఫర్ యూ నెల్సన్. హాలీవుడ్‌లోని పెద్ద స్టూడియో తీసిన యానిమేషన్ చిత్రానికి ఒంటరిగా దర్శకత్వం వహించిన తొలి మహిళ ఆమే.

అయితే భయం ఉంది. తోడేళ్ల దృశ్యానికి మా చిన్నవాడు వెళ్లి అమ్మమ్మ చెంగులో ముఖం దాచుకున్నాడు. ఐదేళ్లలోపు పిల్లలే ఎక్కువగా ఉన్న ఇంట్లో అయితే మూడో భాగం మేలు. అందులో పో కన్నతండ్రి లీ తిరిగి వస్తాడు. కుడుముల్లాంటి వంటకాన్ని కొడుకుతో పోటీపడి లాగించేస్తాడు. పాండాల ఊరంతా దొర్లుకుంటూ, కౌగిలించుకుంటూ తిరుగుతుంది. శత్రువు వచ్చిపడితే పో వాళ్లకు కొత్త విద్యలేమీ నేర్పడు. దొర్లేవాళ్లకు దొర్లడాన్నే, కౌగిలించుకునేవాళ్లకు కౌగిలినే ఆయుధం చేస్తాడు. బడిలో పాఠాలు చెప్పే నాకు ఆ భాగం ఎంతో నచ్చింది. కొడుకును ఎక్కడ పోగొట్టుకుంటానోనని పింగ్ సామాన్ల మూటలో దాక్కుని వెంట వెళ్లడం, ఆ తర్వాత లీతో సమాధానపడటం కూడా బాగుంటాయి. కానీ పింగ్ బెంగ తెలియాలంటే ముందు రెండోది చూసి ఉండాలి. పైగా ఇందులో దుష్టుడు కాయ్‌కి షెన్‌లాంటి లోతు లేదు. ప్రవచనానికి భయపడి పాండాలనే తుడిచిపెట్టబోయిన షెన్, కన్నవాళ్లు తనను ద్వేషించారనే నమ్ముతూ బతుకుతాడు. అతన్ని చూస్తే కోపంతో పాటు జాలి కూడా కలుగుతుంది.

నాలుగో దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇతరుల విద్యలను దొంగిలించే ఊసరవెల్లి అన్న ఆలోచన మంచిదే, జెన్ అనే నక్క పిల్ల కూడా చురుకైనదే. కానీ కథ తొందరపడుతుంది. మొదటి మూడు భాగాల్లో పోతో కలిసి పోరాడిన, టైగ్రెస్ అనే ఆడపులితో సహా ఐదుగురు వీరులు అసలు కథలో దాదాపు కనిపించరు. మా పిల్లలు "టైగ్రెస్ ఏదీ?" అని చివరి దాకా అడుగుతూనే ఉన్నారు. ఇద్దరు తండ్రులూ కలిసి కొడుకును వెతుక్కుంటూ బయలుదేరే దృశ్యాలు మాత్రం అందరినీ నవ్వించాయి.

రెండోదాన్ని పసివాళ్లతో చూడాలనుకుంటే ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. మూడూ గంటన్నర అటూ ఇటూ నిడివి ఉన్నవే కాబట్టి పసివాడి నిద్రవేళ చూసి మొదలుపెట్టండి. మంచులో తల్లి పరుగు వచ్చేసరికి వాడు నిద్రపోయి ఉంటే సరి, లేదంటే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. మా ఇంట్లో దసరా సెలవులకు తాలింఖానా చూసి వచ్చాక మళ్లీ రెండోదే పెట్టాలని పాప ఇప్పటికే అడిగి ఉంచింది.