మూసిన విండో మెమరీ వదలాలంటే: లిజనర్‌ని మనమే తీసేయాలా, వీక్ రిఫరెన్స్‌కి వదిలేయాలా?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వేబ్రిడ్జికి (లారీలు తూచే కాటాకి), విండోలు, బటన్లు ఇచ్చే జావా స్వింగ్‌లో ప్రోగ్రామ్ రాసిచ్చాను. తోతాపురి సీజన్ ముమ్మరంగా ఉన్న ఒక మధ్యాహ్నం కాటా దగ్గరుండే పిల్లాడు ఫోన్ చేశాడు: “సిస్టమ్ మళ్లా నిలిచిపోయిందినా. లారీలు రోడ్డు దాకా నిలబడుండాయి.” నా కోడ్ వల్ల రైతులు కాయతో ఎండలో నిలబడ్డారన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

లారీకో విండో తెరుచుకుంటుంది. అందులో కెమెరా తీసిన లారీ ఫొటో ఉంటుంది. 1920×1080 చిత్రం, పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే దాదాపు 8 ఎంబీ. డిస్క్ మీద జేపెగ్ ఎంత చిన్నదైనా మెమరీలో లెక్క ఇదే. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే జావా గరిష్ఠ హీప్ (ప్రోగ్రామ్ ఆబ్జెక్టులు ఉండే మెమరీ) మెషీన్ మెమరీలో నాలుగో వంతు. వాళ్ల 4 జీబీ మెషీన్‌లో 1 జీబీ. మూసిన విండోలన్నీ పేరుకుపోతే 120 లారీలకే అది నిండిపోతుంది.

విండోని పారేసే డిస్పోజ్ పిలుస్తున్నాను కదా అనుకున్నాను. అది వదిలేది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర తీసుకున్న వనరులను. జావా ఆబ్జెక్ట్‌ని ఇంకెవరైనా పట్టుకుని ఉంటే వాడని ఆబ్జెక్టులను ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టదు. హీప్ డంప్ (హీప్ మొత్తానికి నకలు) తీసి చూస్తే, పట్టుకున్నది కాటా నుంచి బరువు చదివే కోడ్, అంటే కాటా రీడర్. బరువు కోసం ప్రతి విండో దానికి లిజనర్ (కొత్త బరువు రాగానే నడిచే కోడ్) తగిలిస్తుంది; అది తీయనంతవరకు దాని ద్వారా విండో కూడా పట్టుబడే ఉంటుంది. తీసేసే లైను నేను విండోక్లోజింగ్‌లో రాశాను. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే అది వస్తుంది; సేవ్ బటన్ నేరుగా డిస్పోజ్ పిలిస్తే రాదు. ఆ పిల్లాడు రోజంతా నొక్కేది సేవ్ బటనే.

వీక్ రిఫరెన్స్ (గార్బేజ్ కలెక్టర్ని అడ్డుకోని పట్టు) పెడితే ఈ గొడవే ఉండదని కొందరంటారు. మెమరీ వరకు నిజమే. కానీ విండో ఎప్పుడు పోతుందో గార్బేజ్ కలెక్టర్ ఇష్టం. అప్పటిదాకా మూసిన విండోకి కూడా బరువు అందుతూనే ఉంటుంది. వెనక లారీ బరువు ముందు లారీ రికార్డులో పడే అవకాశం కాటా దగ్గర ఒక్కసారి కూడా ఉండకూడదు. ఇంకో చిక్కు: లాంబ్డాని (పేరు లేని చిన్న ఫంక్షన్ని) నేరుగా లిజనర్గా ఇచ్చి, ఎక్కడా ఫీల్డ్‌లో దాచకపోతే, విండో తెరిచి ఉండగానే లిజనర్ మాయం కావచ్చు.

అలాగని అది పనికిరానిదేం కాదు. ఒకే యాక్షన్‌ని (నొక్కితే జరిగే పనిని) పంచుకునే బటన్లను స్వింగే వీక్‌గా పట్టుకుంటుంది, ఎందుకంటే తనని ఎప్పుడు పారేస్తారో బటన్‌కి తెలియదు.

నా విండోకి తెలుసు. అందుకే, విండో ఆపరేటింగ్ సిస్టమ్ వనరులు తీసుకునేటప్పుడు నడిచే యాడ్‌నోటిఫైలో తగిలించి, వాటిని వదిలేటప్పుడు నడిచే రిమూవ్‌నోటిఫైలో తీసేయడమే మేలని తేల్చుకున్నాను. డిస్పోజ్ ఏ దారిన వచ్చినా రిమూవ్‌నోటిఫై నడుస్తుంది. రెండింటిలోనూ సూపర్‌ని (స్వింగ్ సొంత కోడ్‌ని) పిలవడం మరవొద్దు. విండోని కేవలం దాచితే మాత్రం ఇది నడవదు. జేఫ్రేమ్‌ని మూస్తే మామూలుగా జరిగేది దాచడమే, కాబట్టి డిస్పోజ్-ఆన్-క్లోజ్ పెట్టాలి.

ఒకే విండోని మళ్లీ మళ్లీ వాడే దారీ ఉంది. ఏ ఒక్క గడి తుడవడం మరిచినా పాత లారీ నంబరు మిగిలిపోతుందని నేను దాని జోలికి పోలేదు.

రిమూవ్‌నోటిఫైలోనే ఫొటో ఫీల్డ్‌ని కూడా నల్ (ఖాళీ) చేస్తున్నాను. రేపు ఎవరైనా ఇంకో లిజనర్ తగిలించి తీయడం మరిచినా, మిగిలేది ఫొటో లేని ఖాళీ విండో. సీజన్ మధ్యలో కాటా ఆగదు.