830 రకం మల్టీమీటర్: వోల్టేజి వరకు నమ్మొచ్చు, కరెంటు దగ్గరే జాగ్రత్త

వోల్టేజి, కరెంటు కొలిచి రెసిస్టెన్స్, పవర్ లెక్కగట్టడానికి 830 రకం అనే ఈ చిన్న డిజిటల్ మీటర్ సరిపోతుందా అంటే, డీసీకి సరిపోతుంది. ఏసీకి పనికిరాదు. ఇందులో ఏసీ కరెంటు రేంజే లేదు. ఉన్నా, మోటారు లాంటి లోడుకు వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి వాట్లు కావు. పవర్ ఫ్యాక్టర్ (ఆ గుణకారంలో నిజంగా పవర్‌గా మారే వాటా) కూడా తెలియాలి.

12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బునే తీసుకోండి. నల్ల ప్రోబు (కొలిచే తీగ) కామన్ (COM) సాకెట్‌లో, ఎర్రది 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి మీటర్‌ను సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే పోయేలా కలపాలి. రీడింగు 1.72 ఆంపియర్లు వచ్చిందనుకుందాం. వోల్టేజిని బ్యాటరీ దగ్గర కాదు, బల్బు కాళ్ల దగ్గరే చూడాలి. అక్కడ 11.82 వోల్టులు ఉంటే, వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే 6.87 ఓమ్‌లు, గుణిస్తే 20.3 వాట్లు. ఇక్కడే ఓ మెలిక ఉంది. ఒకే మీటర్‌తో ముందు కరెంటు, తర్వాత దాన్ని తీసేసి వోల్టేజి కొలిస్తే లెక్క తప్పుతుంది. మీటర్ తీగల్లో పడిన వోల్టేజి రెండోసారి ఉండదు, బల్బుకు కాస్త ఎక్కువ అందుతుంది. అందుకే రెండు మీటర్లు కొనుక్కోవడం మేలు.

ఆ 20.3లో చివరి 3ని పట్టించుకోకండి. వోల్టేజిలో తేడా అర శాతం దాకా ఉంటే, 10 ఆంపియర్ల రేంజ్‌లో 3 శాతం దాకా పోవచ్చు. అంటే జవాబు ముప్పావు వాట్ దాకా అటూ ఇటూ అవుతుంది.

అదే బల్బును విడిగా తీసి 200 ఓమ్‌ల రేంజ్‌లో పెడితే ఒక ఓమ్ కూడా చూపించదు. మీటర్ పాడైందనుకోకండి. ఫిలమెంట్ వేడెక్కితే రెసిస్టెన్స్ పది రెట్లు దాటి పెరుగుతుంది. ఇంత తక్కువ ఓమ్‌లు కొలిచేటప్పుడు రెండు ప్రోబులూ కలిపితే వచ్చే అంకెను తీసేయడం మరిచిపోవద్దు.

చిన్న కరెంట్ల దగ్గర మీటరే అడ్డం పడుతుంది. 5 వోల్టులకు 220 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ కలిపితే, ఎల్‌ఈడీకి 2 వోల్టులు పోగా 13.6 మిల్లీఆంపియర్లు రావాలి. 20 మిల్లీఆంపియర్ల రేంజ్‌లో లోపలి షంట్ (కరెంటు కొలవడానికి మీటర్‌లోనే ఉండే రెసిస్టర్) 10 ఓమ్‌లు కాబట్టి 13.0 చూపిస్తుంది. 200 మిల్లీఆంపియర్ల రేంజ్‌లో షంట్ ఒక్క ఓమే. దశాంశం ఒకటి తగ్గినా అదే నిజానికి దగ్గర. అంతకన్నా తేలికైన దారి, రెసిస్టర్ మీద వోల్టేజి చూసి 220తో భాగించడం. సర్క్యూట్ విప్పే పనే ఉండదు.

అసలు లోపం 10 ఆంపియర్ల సాకెట్‌ది. దానికి ఫ్యూజు లేదు. కొలవడం 10 సెకన్లు మించకూడదు. కొలిచాక ఎర్ర ప్రోబును అక్కడే వదిలేసి వోల్టేజి చూడబోతే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. నాబ్ ఎక్కడున్నా సరే, తీగలు కరుగుతాయి. ఇంటి కరెంటు జోలికి దీంతో వెళ్లొద్దు.

లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. కొత్త సెల్ 1.5కు బదులు 1.8 అంటోందంటే ముందు ఆ బ్యాటరీ మార్చండి.