ఇంట్లో ఎంతమంది? నేపాల్ అనాథాశ్రమంలో ఆరు రోజులు

డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ తప్పులో నేనూ ఒక చెయ్యి వేశానే అన్న బాధే నన్ను ఎక్కువ తింటోంది. పరాయి దేశం వెళ్ళి దిక్కులేని పిల్లలకు రెండు వారాలు సేవ చేసి వద్దామనుకునేవాళ్ళు, ముఖ్యంగా నాలాంటి రిటైరైన టీచర్లు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మాది కడప. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి నిరుడే రిటైరయ్యాను. మా చెల్లెలికి ముక్తినాథ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఎలాగూ నేపాల్ పోతున్నాం కదా, ముందు రెండు వారాలు అనాథ పిల్లలకు పాఠాలు చెప్పి ఆ తర్వాత స్వామి దర్శనానికి పోదామని నేనే అన్నాను. ఆన్‌లైన్‌లో ఒక ఏజెన్సీ దొరికింది. మనిషికి 38,000 రూపాయలు, ఇద్దరికీ కలిపి 76,000, మన డబ్బే. గది, రెండు పూటలా భోజనం, ఒక రోజు శిక్షణ, విమానాశ్రయం నుంచి కారు అందులోనే. కట్టిన దాంట్లో ఎక్కువ భాగం పిల్లలకే పోతుందని రాశారు. ఎంత భాగమని నేను అడగలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన దాన్ని, అడగాల్సిన ఆ ఒక్క లెక్కా అడగకుండా డబ్బు పంపేశాను.

ప్రయాణానికి ఏ ఇబ్బందీ లేదు. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. కానీ విమానంలో పోయేవాళ్ళు 15 నుంచి 65 ఏళ్ళ లోపు వయసువాళ్ళైతే ఆధార్ చాలదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. చెల్లెలి పాస్‌పోర్టు గడువు దాటిపోయింది, ఓటరు కార్డుతో వచ్చింది. మన వందకు వాళ్ళ 160 వస్తాయి. అన్నీ వంద నోట్లే పట్టుకెళ్ళాం, ఎక్కడా పేచీ రాలేదు.

ఖాట్మండులో దిగాక మొదటి దెబ్బ గది. ఫోటోలో రెండు మంచాలు, కిటికీ, కిటికీలోంచి కొండలు. మాకిచ్చింది ఆరు మంచాల హాలు, అందరికీ కలిపి ఒక బాత్రూమ్, వేడినీళ్ళు లేవు. చెల్లెలు ఆ చలికి రాత్రంతా స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. ఒక రోజు శిక్షణ అన్నది నలభై నిమిషాల్లో ముగిసింది. టీ ఇచ్చి, ఆశ్రమానికి దారి చెప్పి, ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. పక్క మంచం మీద పందొమ్మిదేళ్ళ యూరప్ అమ్మాయి ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చింది. ఆ వీసాతో నేపాల్‌లో వాలంటీరు పని చేయకూడదు. ఎవరైనా అడిగితే ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పమని ఏజెన్సీవాళ్ళే నేర్పారట.

గది సంగతి మర్చిపోవచ్చు. మర్చిపోలేనిది ఇంకొకటుంది. మేమెవరమో, ఏం చేసేవాళ్ళమో, మా మీద కేసులేమైనా ఉన్నాయో ఎవ్వరూ అడగలేదు. పోలీసు సర్టిఫికెట్ వద్దన్నారు, నేను టీచరునన్న కాగితమూ చూడలేదు. మా బడిలో పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి సొంత మేనమామ వచ్చినా సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఇక్కడ డబ్బు కట్టినవాళ్ళెవరైనా తిన్నగా పిల్లల పడకగదిలోకి పోవచ్చు.

ఆశ్రమం లలిత్‌పూర్ వైపు, రింగ్ రోడ్డు దాటాక ఉంది. ఇరవై ఏడు మంది పిల్లలు. మేము గేటు తియ్యగానే పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు, కాళ్ళకు చుట్టుకున్నారు. ఆరేళ్ళ పిల్ల ఒకతి చెల్లెలి ఒళ్ళోకెక్కి దిగలేదు. చెల్లెలికి పిల్లలు లేరు. ఆ పూట దాని ముఖం నేను ఎన్నడూ చూడనంత వెలిగిపోయింది. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. అమ్మ దగ్గర పెరిగే ఆరేళ్ళ పిల్ల కొత్త మనిషిని చూస్తే కొంగు చాటుకు పోతుంది. ఈ పిల్లల దగ్గరికి రెండు వారాలకొక కొత్త మనిషి వస్తుంది, ముద్దు చేస్తుంది, ఏడ్చి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇంకొకరు. సాయంత్రాలు విదేశీయులు వస్తే పిల్లల చేత డాన్సు చేయించేవారు. చివర్లో మేనేజరు చందా డబ్బా తెచ్చి ముందు పెట్టేవాడు. రెండో రోజు హోంవర్క్ చేసుకుంటున్న పిల్లల్ని మధ్యలో లేపి మరీ ఆడించారు.

మూడో రోజు బజారుకెళ్ళి నలభై నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు కొన్నాను, 3,200 నేపాలీ రూపాయలైంది. బడి అలవాటు చొప్పున కూర్చుని ఒక్కో పుస్తకం మీద ఒక్కో పిల్లవాడి పేరు రాశాను. మేనేజరు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "పేర్లెందుకు రాశారు మేడమ్? అలాగే ఇచ్చేస్తే మేమే చూసుకునేవాళ్ళం" అన్నాడు. ఇరవై ఏడు పుస్తకాలు పిల్లల దగ్గరే ఉన్నాయి. పేరు రాయని పదమూడు బీరువాలో పెట్టాడు. రెండు రోజుల తర్వాత ఒక పిల్లకు కావాలని అడిగితే బీరువాలో ఒక్కటీ లేదు.

నాలుగో రోజు కూడికలు చెబుతున్నాను. హిందీ సినిమాల పుణ్యమా అని పిల్లలకు నా వచ్చీరాని హిందీ అర్థమయ్యేది. పుస్తకంలో లెక్కలకంటే సొంత లెక్కలైతే బాగా ఎక్కుతాయని, "మీ ఇంట్లో ఎంతమంది? రాసి కూడండి" అన్నాను. ముందు ఆలోచించకుండా అనేశాను, అన్నాక నాలుక కరుచుకున్నాను. అనాథల్ని అడిగే ప్రశ్నా అది? కానీ పిల్లలు తలవంచుకుని రాసేస్తున్నారు. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, అన్నలు రెండు. నా ముందున్న పదకొండు మందిలో తొమ్మిది మంది అమ్మను లెక్కలో వేశారు. ఏడుగురు నాన్ననూ వేశారు. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు పెన్సిల్ ఆపి అడిగాడు: "మిస్, నన్ను కూడా కలపాలా? నేను అక్కడ లేను కదా."

ఆ రోజు ఇంకేం చెప్పలేకపోయాను.

సాయంత్రం మేనేజర్ని అడిగితే, "పిల్లలకు ఏదో ఊహ, పట్టించుకోకండి" అన్నాడు. ఆ రాత్రే సామాను సర్దుకుని బౌద్ధా స్తూపం దగ్గర చిన్న గెస్ట్ హౌస్‌కు మారిపోయాం. ఇద్దరికీ గది 2,200 నేపాలీ రూపాయలు, వేడినీళ్ళు, మందపాటి రజాయిలు. ఆ ఇల్లాలి గురించి చెప్పకపోతే పాపం. అందరూ ఆమెను దీదీ అంటారు. రాత్రి తొమ్మిదికి వెళ్తే పొయ్యి మళ్ళీ వెలిగించి ఢిడో చేసి పెట్టింది. కంచంలో చూస్తే అచ్చంగా మా రాగి సంగటే. పక్కన పప్పు, గుండ్రుక్ అని పులియబెట్టి ఎండబెట్టిన ఆకుల పులుసు. నాలుగు రోజులుగా నీళ్ళ పప్పు తిన్న నోటికి అది అమృతం. చెల్లెలు ముద్ద చేసుకుని గుంట పెట్టి పులుసు పోసుకుంటే, మీ ఊళ్ళోనూ ఇలాగే తింటారా అని దీదీ ఆశ్చర్యపోయింది. ఇద్దరికీ 700 తీసుకుంది.

ఆమెకే అంతా చెప్పాను. ఆమెకు ఇది కొత్త కాదు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధం నడిచినప్పుడు హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాలకు దళారులు వెళ్ళి, మీ పిల్లల్ని పట్నంలో మంచి బడిలో చదివిస్తామని తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని తెచ్చేవారు. ఇక్కడ కాగితాల మీద వాళ్ళను అనాథల్ని చేసేవారు. యుద్ధం ముగిసింది, వ్యాపారం ముగియలేదు. 2015 భూకంపం తర్వాత మళ్ళీ అదే భయంతో ప్రభుత్వం పిల్లల్ని జిల్లా దాటించడం మీద ఆంక్షలు పెట్టింది. నేపాల్ అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో 85 శాతానికి పైగా అమ్మో నాన్నో బతికే ఉన్నవాళ్ళని అప్పట్లో యునిసెఫ్ చెప్పింది. ఆశ్రమాలు కూడా పేదరికం ఎక్కువున్న కొండల్లో కాదు, ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ లాంటి చోట్లే గుట్టలుగా ఉన్నాయి. అంటే టూరిస్టులు ఎక్కడుంటే అక్కడ. నేను కట్టిన 38,000 ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థమైంది. మాలాంటివాళ్ళు వస్తూ ఉండాలంటే పిల్లలు అక్కడే ఉండాలి.

పిల్లల హెల్ప్‌లైన్ అక్కడా 1098 నంబరే, మన దగ్గరలాగే. దీదీ నేపాలీలో మాట్లాడి పెట్టింది. పేర్లు, పిల్లలు చెప్పిన ఊళ్ళు, నోటు పుస్తకాల సంగతి అన్నీ రాసుకున్నారు. తర్వాత రెండు రోజులు ఆశ్రమానికి వెళ్ళాను, మొదలుపెట్టిన పాఠం ముగించడానికి, ఊళ్ళ పేర్లు సరిచూసుకోవడానికి. చెల్లెలు రెండో రోజు రాలేదు. ఆ ఆరేళ్ళ పిల్ల ముందు రోజు సాయంత్రం "రేపు వస్తావా" అని అడిగిందట, వస్తానని చెల్లెలు చెప్పిందట. వచ్చి మళ్ళీ వదిలిపోవడం తన వల్ల కాదంది. "అక్కా, నువ్వు లెక్కలు చెప్పడానికి తెచ్చావు నన్ను, ఇది నాకు చెప్పలేదే" అని ఒకే మాట అంది. పోఖరాకు రెండు వందల కిలోమీటర్ల బస్సులో నాతో మాట్లాడలేదు. ముక్తినాథ్ దర్శనం బాగా జరిగింది. నూట ఎనిమిది ధారల కింద తడిసి వచ్చాక గానీ అది నోరు విప్పలేదు.

పిల్లలకు మేలు చెయ్యాలనుంటే ఆశ్రమానికి పోకండి. చూడ్డానికి గంటసేపు కూడా పోకండి. పిల్లల్ని ఇళ్ళకు తిరిగి చేర్చే సంస్థలు, ఊళ్ళోనే బడి ఫీజు కట్టి పిల్లవాడు అమ్మ దగ్గరే ఉండేలా చూసే సంస్థలు ఉన్నాయి. డబ్బు వాటికివ్వండి. పని చేసే తీరాలనుంటే అక్కడి టీచర్లకు మీకొచ్చిన పని నేర్పండి. ఏ సంస్థనైనా ముందు పోలీసు సర్టిఫికెట్ అడుగుతారా లేదా చూడండి. అడగకపోతే అక్కడితో ఆపెయ్యండి.

ఏజెన్సీకి పదకొండు మెయిళ్ళు రాశాను. మిగిలిన రోజులకు బదులు ఒక ట్రెక్కింగ్ ఉచితమన్నారు, వద్దన్నాను. చివరికి 14,000 వాపసు వేశారు. అందులో సగం చెల్లెలికిస్తే ముట్టుకోలేదు. దీదీకి పంపమంది. 1098 వాళ్ళకు మళ్ళీ ఫోన్ చేసి, ఆ పిల్లల సంగతి ఏమైందో కనుక్కోవడానికి ఆమెకు ఖర్చులుంటాయి కదా అంది. పంపాను.