హన్మకొండ డయాలసిస్ సెంటర్ రివ్యూ: మనసుల సంగతి కూడ అడుగుతున్నరు

ఐదుల నాలుగు స్టార్లు ఇస్తున్న. మా బాపును పరకాల దిక్కు నుంచి వారానికి మూడుసార్లు ఇక్కడికే తీస్కొస్తం. మిషన్లు, బెడ్లు, ఏసీ అన్నీ మంచిగనే ఉన్నయ్, ఆరోగ్యశ్రీల అయితది, సిస్టర్లు ఫిస్టులాకు, అంటే డయాలసిస్ కోసం చేతిల ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళానికి, సూదులు ఓపికగ పెడ్తరు. ఆ సంగతులు వేరేవాళ్లు శానమంది రాసిన్రు కాబట్టి నేను మళ్ల రాస్తలేను. పేషెంట్‌కు డిప్రెషన్ ఉందా అని ఇక్కడ ఎట్ల చూస్తరో అది చెప్తా, ఎందుకంటే ఇది అడిగే చోటు మాకు వేరే దొరకలే.

ఇంతకుముందు పోయిన సెంటర్ల బరువు చూసుడు, బీపీ చూసుడు, నాలుగు గంటలు మిషన్, అయిపోంగనే ఇంటికి. బాపు మాట్లాడుడు తగ్గిపోయింది, ఏం తినడు, గోడ దిక్కు తిరిగి పండుకుంటడు అని చెప్తే డయాలసిస్ అంటే గట్లనే ఉంటది అనేటోళ్లు, ఇంక ముంగటికి మాట పోకపోయేది.

ఇక్కడ పీహెచ్‌క్యూ-9 అని ఒక ఫారం ఉంది. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ పోయిన రెండు వారాల సంగతే. పనుల మీద ఇష్టం పోయిందా, దిగులుగ ఉంటుందా, నిద్ర ఎట్లుంది, ఒంట్ల శక్తి ఉందా, ఆకలి అయితుందా, నావల్ల ఇంటోళ్లకు నష్టమే అనిపిస్తుందా, పేపర్ చదువుతుంటే మనసు నిలుస్తుందా, మాట నడక మందమైనయా, ఆఖరుకు సచ్చిపోతే మంచిగుండు అనిపిస్తుందా. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27, 10 గని అంతకంటే ఎక్కువ గని వస్తే ఇంక వదిలిపెట్టొద్దు, డాక్టర్ చూడాలె.

గని డయాలసిస్ పేషెంట్ కాడ ఈ లెక్క సీదా నడవదు. నిద్ర, నీరసం, ఆకలి ఈ మూడు డిప్రెషన్ లేకున్నా వాళ్లకు ఉంటయ్. రక్తం తక్కువుంటే కాళ్లల్ల బలం ఉండది, యూరియా పెరిగితే అన్నం చూస్తెనే ఎక్కసమైతది, రాత్రిళ్లు దురద, కాళ్లు గుంజుడు, ఇంక నిద్ర ఎక్కడిది. మొత్తం కూడి 12 వచ్చింది డిప్రెషనే అని రాసిపెడితే తప్పు, అదంతా కిడ్నీదే అని కొట్టేస్తే ఇంకా పెద్ద తప్పు. నేను దీని గురించి కొంచెం చదివిన, 2013ల శాన స్టడీలు కలిపి చూసినోళ్లు డయాలసిస్ పేషెంట్లల్ల ఫారాల లెక్కన నూటికి 39 మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేల్చిన్రు, అదే డాక్టర్ ముంగట కూసోని పద్ధతి ప్రకారం మాట్లాడి చూసిన స్టడీలల్ల 23 మంది దాక వచ్చిన్రు. గంత తేడా ఉంటది. ఫారం ఉత్త జల్లెడ లెక్క, పట్టినంక మిగిలింది ఎవరన్న చేతితోని ఏరాలె.

ఈ సెంటర్ల ఆ ఏరే పని చేస్తున్నరు, నాకు నచ్చింది గదే. బరువు చూసినంక, సూది పెట్టకముందు, సిస్టర్ కర్టెన్ గుంజి స్టూల్ ఏసుకోని కూసుంటది. మిషన్ మీద ఉన్నప్పుడు అడగది, అయిపోయినంక అసలే అడగది, అప్పటికి బీపీ పడిపోయి మనిషి సోయిల ఉండడు, ఏదడిగినా ఊ అంటడు. నన్ను కూడ బయటకు పొమ్మన్నది, అది కరెక్టే, కొడుకు ముంగట ఏ తండ్రి చెప్తడు.

బాపు ఫారంల ఇష్టం లేదు అనేదానికి 3 పెట్టిండు. సిస్టర్ ఆడ ఆగి, కాకా ఇంతకుముందు పొద్దుగాల లేస్తే ఏడికి పోయేటోనివి అని అడిగిందట. ఛాయ్ హోటల్‌కు పోయేటోన్ని, దోస్తులు ఛాయ్ పోస్తరు, నాకు నీళ్లు లెక్కవెట్టి తాగమన్నరు, వద్దంటే రెండోసారి పోస్తరు, అందుకే పోవుడు బంద్ చేసిన అని చెప్పిండట. ఇంట్ల మాకు ఒక్కనాడు కూడ ఈ మాట అనలే. ఇంకోటి కూడ చెప్పిండట, నా మందులకు పోరని జీతం అయిపోతుంది అని.

డాక్టర్ సార్ ముందు రక్తం పరీక్ష చేయించిండు, హిమోగ్లోబిన్ తక్కువుంది, ఇంజక్షన్, ఐరన్ ఇచ్చిన్రు, డ్రై వెయిట్, అంటే ఒంట్ల ఎక్కువ నీరు లేకుంటే ఉండాల్సిన బరువు, అది కూడ సరిచేసిన్రు. కొన్ని వారాలకు మళ్ల ఫారం నింపిస్తే నీరసం మార్కులు తగ్గినయ్, ఇష్టం లేదు అనేది, నష్టం అనేది మాత్రం అట్లనే ఉన్నయ్. అప్పుడు సైకియాట్రిస్ట్ కాడికి పంపిన్రు. గోలి తక్కువ డోస్‌తోని మొదలుపెట్టిన్రు, మాట్లాడే కౌన్సెలింగ్ కూడ ఉంది. 2019ల అమెరికాల అసెండ్ అనే ట్రయల్‌ల 120 మంది డయాలసిస్ పేషెంట్లకు సగం మందికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ గోలి, సగం మందికి కౌన్సెలింగ్ ఇచ్చి 12 వారాలకు చూస్తే గోలి కొంచెం మెరుగు, గని సైడ్ ఎఫెక్ట్స్ కూడ దానికే ఎక్కువ. అందుకని సొంతంగ మెడికల్ షాపుల కొనేది కాదు, బంద్ చేసేది కూడ కాదు.

ఇంక ఒక స్టార్ ఎందుకు కోసిన అంటే, సైకియాట్రిస్ట్ రోజూ ఉండరు, వచ్చే రోజు మా డయాలసిస్ రోజు కాకపోతే ఉత్తదానికి ఇంకోసారి బస్సెక్కాలె. ఫారంల తెలుగు అచ్చు మరీ సన్నగున్నది, ముసలోళ్లకు కనవడది. మళ్ల ఎప్పుడు నింపాలె అనేది వాళ్లంతట వాళ్లు గుర్తువెట్టుకోరు, మేం అడిగితెనే ఇచ్చిన్రు. రద్దీ ఉన్న సాయంత్రం షిఫ్ట్‌ల కర్టెన్ సంగతి కూడ మర్చిపోతరు, పక్క బెడ్డోళ్లు వింటుంటే తొమ్మిదో ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు, మేనేజ్‌మెంటోళ్లు దయచేసి ఇది చూడాలె.

ఇక్కడికి మీవాళ్లను తెచ్చేటోళ్లు పొద్దుగాల షిఫ్ట్ అడగండి. మొత్తం మార్కులు కాదు, ఏ ప్రశ్నకు ఎంతొచ్చిందో ఫైల్‌ల రాయించుకోండి, రక్తం రిపోర్ట్ పక్కన పెట్టి డాక్టర్‌కు చూపెట్టండి. తొమ్మిదో ప్రశ్నకు 1 వచ్చినా సరే, మొత్తం 10 లోపే ఉన్నా సరే, అదేరోజు డాక్టర్‌కు చెప్పాలె, మనిషిని ఒంటరిగ ఉంచొద్దు. రాత్రిపూట ఎవరూ దొరకకపోతే టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు.