ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే నర్సుకు ఏ ట్రైనింగ్ మేలు?

పుట్టిన బిడ్డ ఏడవకపోతే మన చేతిలో ఉండేది ఒక్క నిమిషం. ఆ లోపే ఒళ్లు తుడవాలి, వీపు రుద్దాలి, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్‌తో గాలి ఇవ్వడం మొదలుపెట్టాలి. ఏ శిక్షణ గురించి విన్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: రాత్రి రెండింటికి, డాక్టర్ గారు లేని పీహెచ్‌సీలో, చెయ్యి తడబడకుండా ఉంటుందా?

ఫోన్‌లో చేసే కోర్సుకు డ్యూటీ వదలక్కర్లేదు, ఇంట్లో చంటిపిల్లల్ని ఎవరికో అప్పగించక్కర్లేదు. టీకాల షెడ్యూల్ మారితే దాన్ని మించింది లేదు. కానీ సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లలో వీడియో సగంలో ఆగిపోతుంది. పాఠం వదిలేసి చివరి ప్రశ్నలు నింపేసినవాళ్లనూ చూశాను. వాళ్లను తప్పుపట్టను, రోజంతా ఓపీ చూశాక ఎవరికి ఓపిక ఉంటుంది?

చేతిపని మాత్రం జిల్లా కేంద్రంలో క్లాసుకు వెళ్తేనే వచ్చింది. నవజాత శిశు సురక్ష కార్యక్రమం శిక్షణ రెండు రోజులు. బ్యాగ్‌కుండే మాస్క్ మీద బొటనవేలు, చూపుడువేలు; మిగతా మూడూ దవడ ఎముక కింద. తల కాస్త ఎక్కువ వాల్చినా, తక్కువ వాల్చినా ప్రాక్టీసుకిచ్చిన బిడ్డ బొమ్మ ఛాతీ లేవదు. సరిగ్గా కుదిరినప్పుడు ఛాతీ లేచి దిగడం కళ్లకు కనిపిస్తుంది. పక్కన నిలబడి వేలు సరిచేసే మనిషి లేకపోతే అది రాదు. చిక్కల్లా తర్వాతే. ఆర్నెల్లు పిల్లలంతా చక్కగా ఏడుస్తూ పుడితే, అంతకంటే ఏం కావాలి, కానీ నేర్చిన చెయ్యి మొద్దుబారిపోతుంది.

ఇంకోటి ఎకో పద్ధతి. 2003లో అమెరికాలోని న్యూమెక్సికోలో లివర్ డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు తమ కేసుల్ని వీడియోలో స్పెషలిస్టుల ముందు పెట్టి చర్చిస్తారు. 2011లో వచ్చిన అధ్యయనంలో హెపటైటిస్ సి పూర్తిగా తగ్గినవాళ్లు యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం, ఎకో కేంద్రాల్లో 58.2 శాతం. బీపీ, షుగర్, మానసిక సమస్యల్లాంటి, ఆలోచించుకునే టైమ్ ఉండే కేసులకు నా ఓటు దీనికే.

కాన్పు గదికి మాత్రం క్లాసులో నేర్చినదాన్ని మన చోటే, మన టేబుల్ మీదే, వారానికోసారి పది నిమిషాలు చేయడం మేలు. డ్యూటీ అప్పగించే ముందు ఇద్దరు సిస్టర్లు చేసి, ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటే చాలు. ఖర్చల్లా ఒక బొమ్మ, ఒక బ్యాగ్. ఒకచోట ఆ బొమ్మ కవర్ కూడా విప్పకుండా బీరువాలో ఉండటం చూశాను. ఆ తాళంచెవి కాన్పు గదిలో ఉండేవాళ్ల చేతికి ఇవ్వండి.