అట్లాస్ ఆఫ్ ఎకనామిక్ కాంప్లెక్సిటీ: హరిత పరిశ్రమల వేటలో ఎంతవరకు అక్కరకొస్తుంది?

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గ్రోత్ ల్యాబ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తున్న, దేశాల ఎగుమతులను పటాలుగా చూపించే ‘అట్లాస్’ అనే ఈ సాధనాన్ని ఒక్క ప్రశ్నతోనే పరిశీలించాను: వర్ధమాన దేశంలోని ఒక ప్రాంతం ఏ హరిత (పర్యావరణహిత) పరిశ్రమలో అడుగు పెట్టవచ్చో ఇది చెప్పగలదా?

దీని వెనుకనున్న సూత్రం, 2007లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధకులు హిడాల్గో, హౌస్‌మన్ తదితరులు వివరించినది, కష్టమైనదేమీ కాదు. రెండు వస్తువులను తరచుగా ఒకే దేశాలు ఎగుమతి చేస్తుంటే, వాటికి కావలసిన నైపుణ్యాలు చాలావరకు ఉమ్మడివని, అంటే అవి ఒకదానికొకటి సమీపమైనవని భావిస్తారు. దేశాన్ని ఎంచుకోగానే అది ఇప్పటికే పట్టు సాధించిన వస్తువులు చుక్కల పటంలో రంగుల్లో కనిపిస్తాయి. వాటి పక్కనున్న బూడిద రంగు చుక్కలే తర్వాతి అవకాశాలు. చూపించే తీరు ముచ్చటగా ఉంది, అందుకే కాస్త జాగ్రత్త కూడా అవసరం.

మలేసియా పటాన్నే తీసుకోండి. అంతర్జాతీయ వాణిజ్యంలో సరుకులను వర్గీకరించే నాలుగంకెల కోడ్‌లలో ఒకటైన 8541 కింద సౌర ఘటాలు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు అన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి కాబట్టి, ఆ చుక్క వెలుగులో సౌర పరిశ్రమ వాటా ఎంతో పటం చూసి తేల్చుకోలేం. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. పెనాంగ్‌లో 1970ల నుంచి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వేళ్లూనుకోగా, దాని పొరుగున కెడా రాష్ట్రంలోని కులిమ్‌లో తర్వాతి కాలంలో సౌర ఫలకాల కర్మాగారాలు వెలిశాయి. సామీప్య సూత్రానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకడం కష్టం, కానీ దేశం మొత్తాన్ని ఒకే ముద్దగా చూసే ఈ పటంలో పెనాంగూ లేదు, కులిమూ లేదు.

ఆధారం ప్రధానంగా ఎగుమతుల లెక్కలే కావడంతో, దేశం లోపలే అమ్ముడయ్యే బయోగ్యాస్ యంత్రాలు, గాలిమరల మరమ్మతుల వంటి పనులు దాదాపు కంటికి ఆనవు. ప్రాంతీయ ఉపాధికి అవే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

బ్రెజిల్ కోసం రూపొందిన డేటావివా అనే ఇలాంటి సాధనం, ఎగుమతులతోపాటు అధికారిక ఉద్యోగాల వివరాలను కూడా మునిసిపాలిటీ స్థాయి వరకు చూపించి, ఈ విషయంలో మెరుగనిపించుకుంది. అటువంటి ఉపాధి లెక్కలు చేతిలో ఉన్న ప్రణాళికా అధికారికి అట్లాస్ మంచి తోడు. అవి లేనివారు దీన్ని చూసి రాయితీలు ప్రకటించకపోవడమే మేలు. దేశాల మధ్య పోలికకు అయిదుకు నాలుగు మార్కులు, ప్రాంతీయ నిర్ణయాలకు రెండే ఇస్తాను.