సర్కారు బడి డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ: ఏది కొనాలి, ఎలా బిగించాలి, ఎందుకు పడిపోతుంది

జూన్ 12న బడులు తెరుస్తారు. కాస్త అటూ ఇటూగా వానలు కూడా అప్పుడే దిగుతాయి. వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి వైపు జెడ్పీ హైస్కూళ్లలో, ప్రైమరీ బడుల్లో కరెంటు పని చూసేవాళ్లకు అసలు పరీక్ష అదే సమయం. నెలన్నర మూసి ఉన్న గదుల్లో స్లాబు కారి పైపుల్లోకి నీళ్లు దిగి ఉంటాయి. స్విచ్ బోర్డుల్లో చీమలు మట్టి పెట్టి ఉంటాయి. తడి చేతులతో పిల్లలు నీళ్ల ట్యాంకు దగ్గర గుమిగూడతారు. అప్పుడు వాళ్లకు షాక్ తగిలితే కరెంటు ఆపగలిగేది డీబీలో (గదులకు కరెంటు పంచే పెట్టెలో) ఒక్క ఆర్‌సీసీబీయే, అంటే దారి తప్పే లీకేజీ కరెంటును పసిగట్టి సప్లై తెంచే స్విచ్చే. ఎంసీబీ (ఓవర్‌లోడుకు, షార్ట్ సర్క్యూట్‌కు పడే స్విచ్) ఆ పని చేయలేదు, అది వైరును కాపాడడానికి పెట్టింది.

ఇది పనిచేసే తీరు సులువు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. కొంత దారి తప్పి గోడలోకో, మోటారు బాడీలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతే ఆ తేడాను లోపలి కోర్ పసిగట్టి రెండు పోళ్లూ, అంటే ఫేజ్, న్యూట్రల్ దారులు రెండూ, తెంచేస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు ఉంటే 300 మిల్లీ సెకన్లలోపు, 150 ఉంటే 40 మిల్లీ సెకన్లలోపు పడిపోవాలి (ట్రిప్ కావాలి). 15లోపు తేడాకు పడకూడదు. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, కంప్యూటర్ గది దగ్గర పనికొస్తుంది.

మన దగ్గర నేల సంగతి కూడా చూడాలి. గుట్ట ప్రాంతం, మొరం, కింద రాయి. ఎర్త్ గుంత తవ్వి పైపు దింపినా ఎండాకాలం వచ్చేసరికి రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. అది 50 ఓమ్‌లకు చేరిందనుకుందాం. వాటర్ ప్లాంటు బాడీకి ఫేజ్ తగిలితే ఎర్త్‌లోకి పోయే కరెంటు 230ని 50తో భాగిస్తే వచ్చే 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు కిందే లెక్క, అసలు పడదు. బాడీ మాత్రం కరెంటుతోనే ఉంటుంది, గ్లాసు పట్టుకుని పిల్లలు వరుస కడతారు. అదే 4.6 ఆంపియర్లు ఆర్‌సీసీబీకి తన హద్దుకు 150 రెట్లు. వెంటనే పడిపోతుంది. "మన ఎర్త్ మంచిగా లేదు, ఆర్‌సీసీబీ పెట్టినా దండగ" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఎర్త్ బలహీనంగా ఉన్న బడికే దీని అవసరం ఎక్కువ. ఎర్త్ అసలే లేకపోయినా మనిషి తాకినప్పుడు పడుతుంది, కాకపోతే ఆ పిల్లవాడికి ఒక షాక్ తగిలిన తర్వాత పడుతుంది. ఎర్త్ ఉంటే ఎవరూ తాకకముందే పడుతుంది. అందుకే ఎర్త్ వైరు ఎగ్గొట్టడానికి ఆర్‌సీసీబీని సాకు చేయొద్దు.

కొనేటప్పుడు డబ్బా మీద రాతలు చదవండి. ఐఎస్ఐ మార్కుతో పాటు ఐఎస్ 12640 అని ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్లు లేదా 0.03 ఆంపియర్లు అని ఉండాలి. మాటిమాటికీ పడదని చెప్పి 100, 300 మిల్లీ ఆంపియర్లవి అంటగడతారు. వాటితో కొంత అగ్ని ప్రమాదం తప్పుతుందేమో గానీ పిల్లల ఒంటికి తగిలే షాక్‌కు అవి సరిపోవు. డబుల్ పోల్ ఐసోలేటర్ (ఒట్టి ఆన్-ఆఫ్ స్విచ్) కూడా చూడడానికి అచ్చం ఇలాగే ఉంటుంది. టెస్ట్ బటన్ లేకపోతే అది ఆర్‌సీసీబీ కాదు. రకం కూడా చూడాలి. ఒట్టి అల బొమ్మ ఉంటే ఏసీ టైపు, అల కింద సగం అలల గీత కూడా ఉంటే ఏ టైపు. ఎల్ఈడీ లైట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, కంప్యూటర్లు, డిజిటల్ ప్యానెళ్లు వచ్చాక లీకేజీ కరెంటు నున్నటి అలగా ఉండడం లేదు, ఏసీ టైపు దాన్ని సరిగా పట్టలేకపోవచ్చు. కాస్త ఎక్కువైనా ఏ టైపే తీసుకోండి.

ఆంపియర్ల విషయంలో ఖర్చు పెంచుకోవద్దు. 4 ఫ్యాన్లు, 4 ట్యూబ్‌లైట్లు ఉన్న గదికి లోడు దాదాపు 2 ఆంపియర్లే. 6 గదులకు 25 ఆంపియర్లది ధారాళంగా చాలు. అయితే దీనికి ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ తెలియవు కాబట్టి ముందు అంతకు మించని ఎంసీబీ ఉండి తీరాలి.

బడంతటికీ ఒక్కటే పెట్టడం పొదుపులా కనిపిస్తుంది, ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. బోరు కేబుల్ జాయింటులో నీరు చేరితే పరీక్ష రాస్తున్న పదో తరగతి గదిలో ఫ్యాన్లు ఆగుతాయి. రెండు రోజులు ఓపిక పడతారు, మూడో రోజు ఎవరో ఒకరు ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్ట్ చేస్తారు. గదుల ఫ్యాన్లు, లైట్లకు ఒకటి, ప్లగ్గులకూ వాటర్ ప్లాంటుకూ ఒకటి, బోరు మోటారుకు విడిగా ఒకటి పెడితే డైరెక్ట్ చేయాల్సిన అవసరమే రాదు. మోటారుకు ఆర్‌సీబీఓ ఇంకా మంచిది, ఎంసీబీ పని కూడా అదే చేస్తుంది.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు న్యూట్రల్ దగ్గరే. ఫేజ్‌ను ఆర్‌సీసీబీలోంచి తీసి, న్యూట్రల్‌ను మాత్రం పాత లింకులోనే (న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీలోనే) వదిలేస్తారు. ఒక్క ఫ్యాను వేయగానే పడిపోతుంది. ప్రతి ఆర్‌సీసీబీకి విడి న్యూట్రల్ లింకు ఉండాలి, ఆ సర్క్యూట్ల న్యూట్రళ్లు మాత్రమే అందులోకి రావాలి. పక్క గదిలోంచి అరువు తెచ్చిన న్యూట్రల్, ఆఫీసు గది ఇన్వర్టర్‌తో కలిసిపోయిన న్యూట్రల్ కూడా ఇదే తంటా తెస్తాయి. న్యూట్రల్ తెగినచోట ఎర్త్‌తో లైటు వెలిగించిన పాత కనెక్షన్లు పాత బడుల్లో చాలానే బయటపడతాయి. వాటిని పట్టించడం ఆర్‌సీసీబీ చేసే మేలు, దాని లోపం కాదు.

పడిపోతుంటే వెతికే పద్ధతి ఇది. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ రండి. ఎప్పుడూ ఒకే ఎంసీబీ దగ్గర పడితే తప్పు ఆ సర్క్యూట్‌లో ఉంది. ఏది ఎత్తినా, కాస్త లోడు పడగానే పడిపోతే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది. సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను తెంచదు కాబట్టి ఎంసీబీలతో అది దొరకదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని, లింకులోంచి న్యూట్రళ్లు ఒక్కొక్కటి విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) ఎర్త్‌కు కొలవండి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించినదే దొంగ. కొలిచే ముందు కంప్యూటర్లు, ఎల్ఈడీలు విప్పాలి, ఆర్‌సీసీబీ అవుట్‌గోయింగ్ వైర్లు తీయాలి. లేకపోతే మెగ్గర్ వోల్టేజీకి అవి పాడవుతాయి. వాన పడ్డప్పుడే పడిపోయి ఎండకు బాగయ్యే బడుల్లో ముందు స్లాబు మీది జంక్షన్ బాక్సులు, వరండా లైట్ల హోల్డర్లు విప్పి చూడండి.

కంప్యూటర్ గది సంగతి వేరు. అక్కడ ఏ తప్పూ లేకుండానే పడొచ్చు. ప్రతి కంప్యూటర్ ఫిల్టర్ నుంచి ఎర్త్‌లోకి కొద్ది కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంటుంది. ఒక్కోటి 1 మిల్లీ ఆంపియర్ అనుకున్నా 20 కంప్యూటర్లకు 20, అంటే 15 దాటేసినట్టే. ఒక ఆర్‌సీసీబీ మీద 8కి మించి పెట్టకుండా విడదీయండి. లీకేజీ ఎక్కువ చూపిస్తోందని అక్కడ ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణం మీదికి తెచ్చే పని.

ఇది కాపాడలేనిది కూడా ఒకటుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా తెలియదు, మామూలు లోడు అనుకుంటుంది. విరిగిన ప్లగ్గులు, మూతల్లేని స్విచ్ బోర్డులు ఎలాగూ మార్చాల్సిందే.

నెలకోసారి, బడి తెరిచే ముందు ఇంకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. ఏళ్ల తరబడి కదలని మెకానిజం దుమ్ముకు బిగుసుకుపోతుంది. త్రీ ఫేజ్ కోసం చేసిన ఫోర్ పోల్ ఆర్‌సీసీబీని సింగిల్ ఫేజ్ మీద వాడితే, బటన్‌కు లోపల కలిపిన పోళ్లకు సప్లై అందక అది నొక్కినా పడకపోవచ్చు. వైరింగ్ బొమ్మ చూసి ఫేజ్‌ను సరైన పోల్‌కు మార్చండి. టెస్ట్ బటన్ పనిచేసిందంటే ఆర్‌సీసీబీ బాగుందనే అర్థం, ఎర్త్ బాగుందని కాదు. ఎర్త్‌ను విడిగా కొలవాలి. కరెంటు ఉండగా నొక్కినా పడని దాన్ని అదే రోజు మార్చండి, అది మారేదాకా వాటర్ ప్లాంటు, మోటారు ఆపి ఉంచమని హెచ్‌ఎం సార్‌కు చెప్పండి.